పీరు పేరు పెట్టుకున్న కొడుకు, తలుపు తియ్యని ఆపా

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఊరి పేరు, మనుషుల పేర్లు బయటపెట్టవద్దని కోరారు. కొడుకు పేరు అసలు చెప్పకపోతే విషయమే అర్థం కాదు కాబట్టి అందులో సగం మాత్రం ఉంచాను.

ఆమెకు 47 ఏళ్లు. భర్తతో కలిసి కిరాణా దుకాణం నడుపుతున్నారు. ఇంట్లో తెలుగు, పిల్లల చదువు మరాఠీ, దుకాణంలో వచ్చినవాళ్లది ఏ భాషయితే అదే. పెళ్లయిన కొత్తలో రెండుసార్లు కడుపు నిలవలేదు. అత్తగారు పీర్ల చావిడికి తీసుకెళ్లి ఉసేన్ పీరుకు దట్టీ కట్టించి మొక్కించారు. మూడోసారి కొడుకు పుట్టాడు. మొక్కు ప్రకారం పేరులో ఉసేన్ కలిపారు. చిన్నతనంలో ప్రతి పీర్ల పండక్కీ వాడి మెడలో నాడా వేసి, ఫకీరును చేసి, ఐదిళ్లు అడిగించి తెచ్చేవారు. చావిడి చూసుకునే ముజావర్ ఇల్లు వీళ్ల వెనక సందులోనే. ఆయన భార్యను ఈమె ‘ఆపా’ (అక్క) అని పిలుస్తారు. కామెర్లతో ఈమె మంచం పట్టినప్పుడు పసివాణ్ణి చంకన వేసుకుని సాకింది ఆ ఆపానే.

ఆ పసివాడికి ఇప్పుడు 22. పోలీసు భర్తీ పరీక్షకు తయారవుతున్నాడు, ఊళ్లో వినాయకుణ్ణి నిలబెట్టే కుర్రాళ్ల సంఘం, గణపతి మండల్‌లో ముందుంటాడు. నాందేడ్‌లో కోచింగ్ కోసం గది వెతుక్కుంటే, ఆధార్ కార్డు చూసి పేరు చదివి, గది లేదు పొమ్మన్నారట ఒక ఇంటివాళ్లు. మండల్‌లో తోటి కుర్రాళ్లు కూడా పేరు పట్టుకుని ఏడిపిస్తారట. గెజిట్‌లో వేయించి పేరు మార్చుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. “ఎవల దేవునికో మొక్కి నా నెత్తిన ఈ పేరు పెట్టినవ్” అని తల్లిని నిలదీశాడు.

నిరుడు నిమజ్జనం నాడు డీజే బండి మసీదు ముందు ఆగిపోయింది. మాటా మాటా పెరిగి తోపులాటైంది. రెండు వైపుల పిల్లల్నీ పోలీసులు స్టేషన్‌లో కూర్చోబెట్టి, పెద్దల్ని పిలిపించి పంపేశారు. దెబ్బలు ఎవరికీ తగల్లేదు కానీ వీడియో తాలూకా అంతా తిరిగింది. దాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లలో ఈమె కొడుకూ ఉన్నాడు. అటు ఆపా చిన్న కొడుకు పుణెలో పనిచేసి తిరిగొచ్చి, పీర్లు నిలబెట్టడం మన దీన్‌లో (మతంలో) లేదు, మానెయ్యమని తండ్రితో రోజూ గొడవ. ఈ ఏడు పీర్లు లేచాయి కానీ మనవాళ్లెవరూ పోవద్దని మండల్ వాళ్లు చెప్పారు. ఈమె చీకటి పడ్డాక మలీద పళ్లెం కొంగు చాటున పెట్టుకుని ఆపా ఇంటికి వెళ్లారు. లోపల మాటలు వినిపిస్తున్నాయి, తలుపు మాత్రం తెరుచుకోలేదు. పళ్లెం వెనక్కి తెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

“వాడు పేరు మార్చుకుంటే ఒప్పుకోవాలా? ఆపాను ఎట్ల పలకరించాలె? అన్ని మతాల పెద్దల్ని పిలిచి బడిలో ఒక సభ పెట్టిద్దామని సర్పంచును అడిగిన. మా ఆయన చేతులు కాల్చుకుంటవు అంటున్నడు. శాంతతా కమిటీ అంటరు కానీ అందులో మొగోళ్లు చాయ్ తాగి ఫొటో దిగి వస్తరు. నేనెక్కడ తప్పు చేసిన?” అని అడిగారు.

అమ్మా, మీ చివరి ప్రశ్నకు జవాబు చిన్నది. మీరు తప్పు చెయ్యలేదు. పిల్లలు నిలవని ఇల్లాలిని అత్తగారు చావిడికి తీసుకెళ్లడం మీ ప్రాంతంలో వింతేమీ కాదు. గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలిన కాలం నుంచీ పీర్లను నిలబెట్టే ఆచారం తెలుగు పల్లెలకు పాకింది. హైదరాబాద్‌లో బాద్‌షాహీ ఆశూర్‌ఖానా 1590లలో కట్టింది. మీ నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది కదా, సరిహద్దు గీత మారినా చావిళ్లు అక్కడే ఉండిపోయాయి. ఉసేనయ్యలు, ఫకీరయ్యలు, పీరమ్మలు గోదావరికి రెండు వైపులా ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ దుకాణం బాకీల పుస్తకం తిరగేసినా దొరుకుతారు.

ఇక ఆపా సంగతి. తలుపు తియ్యకపోవడాన్ని మీరు ‘నన్ను వద్దనుకుంది’ అని చదువుకున్నారు. ఉత్తరంలో మీరే రాసినదాన్ని బట్టి నాకు ఇంకో రకంగా అనిపిస్తోంది. ఆ సమయానికి లోపల తండ్రీ కొడుకులు పీర్ల మీదే వాదులాడుకుంటూ ఉండొచ్చు. పీర్ల ప్రసాదం పట్టుకుని మీరు గుమ్మంలో ఉంటే, తలుపు తీస్తే కొడుకుతో గొడవ, తీసి పళ్లెం వద్దంటే మీతో గొడవ. తియ్యకుండా ఉండటమే ఆవిడకు మిగిలింది. మీరు మండల్‌కు భయపడి కొంగు చాటున వెళ్లారు, ఆవిడ కొడుక్కు భయపడి లోపల ఉండిపోయింది. ఇందులో పగ ఏముంది?

మీ ఉత్తరంలో నాకు నచ్చని మాట ఒకటుంది. ఆపా కొడుకు ‘పట్నం పోయి చెడిపోయి వచ్చిండు’ అని రాశారు. దేవుడు ఒక్కడే, ఆయన ముందు తప్ప దేని ముందూ తల వంచకూడదన్నది ఇస్లాంలో మొదటి మాట. పీర్లకు మొక్కడం దానికి సరిపడదని చెప్పే ముస్లింలు నిన్నా మొన్నా పుట్టుకొచ్చినవాళ్లు కారు, ఈ వాదన చాలా పాతది. షియాలు కర్బలా రోజును, అంటే హుసేన్ ప్రాణాలు ఇచ్చిన రోజును, శోకంగా పాటిస్తారు. సున్నీల్లో చాలామంది ఆ రోజు ఉపవాసం ఉంటారు, పీర్ల జోలికి పోరు. మన పల్లెల్లో అందరూ కలిసి గుండం చుట్టూ ఆడే పండగ మూడో దారి. ఇందులో ఏది సరైనదో ఆ ఇంట్లోవాళ్లు తేల్చుకోవాలి. అక్కడ మీకూ నాకూ వోటు లేదు. ఆ కుర్రాడు పీర్లు వద్దన్నాడు కానీ మిమ్మల్ని ఒక్క మాట అన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ రెంటికీ తేడా ఉంది.

ఎదురూ బొదురూ పడితే మొహం తిప్పుకునే ఆ ఇద్దరు పిల్లలూ ఒక్క విషయంలో మాత్రం ఒకే మాట మీద ఉన్నారు చూశారా? పీర్లు మనవి కావని ఇద్దరూ అంటున్నారు.

అందుకే మతాల మధ్య మాటామంతీ అవసరం అని సభల్లో చెప్పేవాళ్ల మాట నాకు సగమే సరిపోతుంది. పీర్లకు మొక్కే ముస్లింతో పీర్లకు మొక్కే హిందువు ప్రత్యేకంగా కూర్చుని మాట్లాడేదేమీ లేదు, వాళ్లు ఎటూ కలిసే ఉన్నారు. ఇన్నాళ్లూ మీ ఊళ్లో ఆ పని పండగే చేసిపెట్టింది. ఎవరి నమ్మకం ఏమిటో అడక్కుండానే అందరూ మలీద తిన్నారు. ఇప్పుడు రెండు వైపులా అడిగే పిల్లలు వచ్చారు. మాట్లాడాల్సింది ఇప్పుడే, మాట్లాడాల్సింది ఆ మొక్కనివాళ్లతోనే. గణపతి ప్రసాదం తినని ముస్లిం, పీర్ల దగ్గరికి రాని హిందువు, ఈ ఇద్దరూ ఒకే సందులో భయం లేకుండా బతకాలంటే ఏం ఒప్పందం కావాలన్నదే అసలు ప్రశ్న. అందరూ అన్నిటికీ మొక్కితేనే కలిసి ఉన్నట్టు అనుకుంటే, మొక్కని ప్రతివాడూ శత్రువులా కనబడతాడు. మన రాజ్యాంగం 25వ అధికరణలో ఎవరి మతాన్ని వాళ్లు పాటించుకునే స్వేచ్ఛ ఇచ్చింది, పక్కవాళ్లది కూడా పాటించమని ఎవరినీ అడగలేదు. సోదరభావం పెంచుకోవడం పౌరుల బాధ్యత అని మాత్రం 51-ఎ లో రాసింది.

పేరు విషయానికి వస్తాను, ఎక్కువ తలనొప్పి అక్కడే ఉంది.

మీ అబ్బాయికి 18 దాటాయి. అఫిడవిట్ రాయించి గెజిట్‌లో వేయించుకోవడానికి మీ సంతకం అక్కర్లేదు. కాబట్టి ‘ఒప్పుకోవాలా’ అన్న ప్రశ్నకు చట్టంలో చోటు లేదు. ఇంట్లో మాత్రం ఉంది. మీరు అడ్డం పడితే రెండు రకాలుగా జరగొచ్చు. మీకు చెప్పకుండా మార్చుకుంటాడు, లేదా మార్చుకోకుండా ఆ కోపమంతా ముజావర్ ఇంటి మీద పెట్టుకుంటాడు. రెండోది నాకు ఎక్కువ భయం. మీరు అడ్డుపడకుండా సరే అంటే మీకు లోపల బాధ ఉంటుంది, మొక్కు తప్పినట్టు ఉంటుంది. ఆ భయం చిన్నదని నేను అనను. కాకపోతే మొక్కు మొక్కింది మీరు, పేరు పెట్టి తీర్చుకుందీ మీరే. 22 ఏళ్లు మోశాడు. ఇంకా జన్మంతా ఆ అప్పు వాడే కట్టాలని ఏ పీరూ అడగడు.

మధ్యలో ఇంకో దారి ఉంది. భర్తీ పరీక్ష అయ్యేదాకా ఆగమని అడగండి. ఇది నచ్చజెప్పడానికి చెప్పే సాకు కాదు. మధ్యలో పేరు మారిస్తే ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, వోటరు కార్డు, చదువు సర్టిఫికెట్లు, పరీక్ష దరఖాస్తు, అన్నిచోట్లా ఒకే పేరు ఉండేలా చూసుకోవాలి. ఒక్క కాగితం తేడా వచ్చినా వెరిఫికేషన్ దగ్గర నానా తిప్పలు పడాలి. పరీక్ష అయ్యాక నీ ఇష్టం అని చెప్పి, ఆ మాట మీద మీరు నిజంగానే నిలబడండి.

ఈలోపు వాడితో మాట్లాడేటప్పుడు ‘నువ్వు బతికున్నదే ఆ పీరు పెట్టిన భిక్ష’ అనే మాట మాత్రం వాడొద్దు. మన తల్లులు ఇలాంటి మాట ఎంత తేలిగ్గా అనేస్తారో నాకు తెలుసు. ఆ మాటతో కుర్రాడికి కృతజ్ఞత పుట్టదు, ఊపిరాడనట్టు అవుతుంది. దానికి బదులు జరిగింది జరిగినట్టు చెప్పండి. రెండుసార్లు పోయినప్పుడు మీరు ఎలా ఉన్నారో, అత్తగారు ఏమన్నారో, దట్టీ కట్టిన రోజు ఎవరెవరు వచ్చారో, కామెర్ల నెలలో ఆపా వాడికి ఏం పెట్టి నిద్రపుచ్చేదో. చివర్లో నీతి చెప్పకండి. ఆ పేరు ఎవరిదో కూడా చెప్పండి. వాడికి తెలియకపోయే అవకాశమే ఎక్కువ. ప్రవక్త మనవడు హుసేన్, క్రీ.శ. 680లో ఇరాక్‌లోని కర్బలా దగ్గర, యజీద్ రాజ్యానికి విధేయత చూపనని చెప్పి, కొద్దిమంది అనుచరులతో ప్రాణాలు ఇచ్చినవాడు. ఇది తెలిసిన తర్వాత కూడా వాడికి ఆ పేరు వద్దనిపించవచ్చు. కనీసం ఏం వదులుకుంటున్నాడో తెలిసి వదులుకుంటాడు.

నాందేడ్ గది సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీ ఇంట్లో మొదలుపెట్టదగ్గ సంభాషణ ఏదైనా ఉందంటే అదే. పేరు చదవగానే ఇంటావిడ ముఖం మారిపోయినప్పుడు వాడికి ఎలా అనిపించిందో అడగండి. పూర్తిగా చెప్పనివ్వండి, కోపంగా చెప్పినా సరే. ఆ తర్వాత, వెంటనే కాదు, ఇంకో రోజు తీరిగ్గా ఉన్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: పుణెలో ఆపా కొడుక్కు గది ఎలా దొరికి ఉంటుంది? వాడు గెజిట్‌కు వెళ్లి మార్చుకోలేడు కదా. జవాబు రాబట్టాలని చూడొద్దు, అడిగి మీ పని మీరు చూసుకోండి. మతసామరస్యం మీద ఏ ఉపన్యాసం విన్నా రాని అనుభవం మీ వాడికి ఒక్క మధ్యాహ్నంలో వచ్చింది. ప్రస్తుతానికి వాడు దాన్ని తప్పు ఇంటి వైపు తిప్పుకున్నాడు, అంతే. వాణ్ణి అవమానించింది గది ఇవ్వనివాళ్లు, కోపం ముజావర్ ఇంటి మీద.

వీడియో ఫార్వర్డ్ చేసిన సంగతి మాత్రం మెత్తగా చెప్పి ఊరుకోవద్దు. మతాల మధ్య వైరం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196 సెక్షన్, మతాన్ని కావాలని అవమానిస్తే 299, రెంటికీ మూడేళ్ల దాకా జైలు ఉంది. పోలీసు ఉద్యోగానికి వెళ్లేవాడి పేరు మీద అలాంటి కేసు ఒక్కటి పడితే చాలు, వెరిఫికేషన్‌లో ఎక్కడ ఆగుతుందో వాడికి నాకన్నా బాగా తెలుసు. గ్రూపులో మండల్ వాళ్లందరూ పంపారు కదా అంటాడు. అందరి దరఖాస్తుల సంగతి వాళ్లు చూసుకుంటారు, నీది నువ్వు చూసుకో అనండి. ఇక్కడ తల్లిగా కాస్త గద్దించినా తప్పులేదు.

ఇప్పుడు బడిలో సభ. మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నానని అనుకోవద్దు. ఒక స్వామీజీ, ఒక మౌలానా, ఒక పాస్టరు, నాందేడ్ నుంచి ఒక సిక్కు జ్ఞానీజీ వస్తారు. అన్ని మతాలూ ఒకటే చెప్తాయని నలుగురూ చెప్తారు. శాలువాలు కప్పుతారు. మీ మండల్ కుర్రాళ్లూ, ఆపా కొడుకూ ఆ సభకు రారు, వచ్చినా వెనక నిలబడి ఫోన్ చూసుకుంటారు. అన్ని మతాలూ ఒకటే చెప్తాయని వాళ్లు నమ్మరు, నిజానికి చెప్పవు కూడా. సభలో ఎవరైనా నోరు జారితే అదీ వీడియో అవుతుంది, అప్పుడు పిలిచింది ఎవరంటే మీ పేరు చెప్తారు. మీ ఆయన భయపడుతున్నది ఇదే అయితే ఆయన భయం సరైనదే.

మీ గోదావరికే ఎగువన పైఠణ్‌లో 16వ శతాబ్దంలో ఏకనాథ మహరాజ్ ఉండేవారు. హిందువూ తురకా ఎదురెదురుగా నిలబడి వాదించుకున్నట్టు ఆయన మరాఠీలో ఒక సంవాదం రాశారు. అందులో ఇద్దరూ మొదట మర్యాదలు పాటించరు. నీ పూజ ఇదా అని ఒకడు, నీ నమాజు ఇదా అని ఇంకొకడు తిట్టుకుంటారు, ఎగతాళి చేసుకుంటారు. చెప్పాల్సిందంతా చెప్పుకున్నాక గానీ కౌగిలించుకోరు. నాకు ఆ వరస నచ్చుతుంది. మన సభలు కౌగిలింతతో మొదలై అక్కడే ఆగిపోతాయి. నాందేడ్‌లో మీరు గురుద్వారాకు వెళ్లే ఉంటారు. అక్కడ చదివే గురు గ్రంథ్ సాహెబ్‌లో మీ పక్క జిల్లా హింగోలిలోని నర్సీలో పుట్టాడని చెప్పే నామదేవుడి పదాలు ఉన్నాయి, సూఫీ షేక్ ఫరీద్ పదాలూ ఉన్నాయి. నామదేవుణ్ణి ఫరీద్‌గా, ఫరీద్‌ను నామదేవుడిగా ఎవరూ మార్చలేదు.

ఇదే మహారాష్ట్రలో భివండి ఉంది. 1970లో, మళ్లీ 1984లో అక్కడ ఘోరమైన అల్లర్లు జరిగాయి. ఆ తర్వాత అక్కడికి పోలీసు డిప్యూటీ కమిషనర్‌గా వెళ్లిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించారు. రెండు మతాల మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి, పండగలప్పుడే కాకుండా ఏడాది పొడుగునా కలిపించారు. మాట్లాడుకున్నవి ఎక్కువగా చిన్న చిన్న తగాదాలు, వాడకట్టు సమస్యలే. 1992 డిసెంబరు, 1993 జనవరిలో పక్కనే ముంబై తగలబడి 900 మంది చనిపోయినప్పుడు భివండిలో అల్లర్లు జరగలేదు. దేవుడి గురించి ఏకాభిప్రాయం వచ్చి కాదు. పుకారు రాగానే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎవరి మాట నమ్మాలో రెండు వైపులా తెలిసి ఉండటం వల్ల.

అందుకని సభ కన్నా చిన్నది ఏదైనా చూడండి. మీ ఉత్తరంలో ఒక మూల, మీరూ ఆపా ఒకే బచత్ గట్‌లో (పొదుపు సంఘంలో) ఉన్నామని, మాటలు పోయాక కూడా ఆవిడ నెలనెలా డబ్బు వేరేవాళ్లతో పంపుతోందని రాశారు. మీరు దాన్ని అవమానంగా లెక్కేశారు. నాకు అది మిగిలిన దారిలా కనిపిస్తోంది. గట్ వదిలేసి వెళ్లలేదు కదా! ఈ నెల మీటింగు రోజున మీరే సందులోకి వెళ్లి, పగటిపూట, నలుగురూ చూస్తుండగా, మీటింగుకు వస్తున్నావా ఆపా అని అడగండి. పళ్లెం వద్దు. పీర్ల మాట, కొడుకుల మాట ఎత్తొద్దు. వస్తే వస్తుంది. రానంటే సరే అని, వచ్చే నెల మళ్లీ అడగండి. ఎప్పుడైనా ఆవిడే ఆ రాత్రి సంగతి తెస్తే వినండి, ఎందుకు తియ్యలేదని మాత్రం నిలదియ్యకండి. నిలదీస్తే ఆవిడ మీకూ కొడుక్కూ మధ్య ఎవరినో ఒకరిని ఎంచుకోవాల్సి వస్తుంది. కొడుకునే ఎంచుకుంటుంది, మీరైనా అంతే.

గట్‌లో పదిమంది ఆడవాళ్లు కూర్చున్నప్పుడు దేవుళ్ల గురించి కాకుండా తేదీల గురించి మాట్లాడండి. ముస్లిం పండగలు చంద్రుడి లెక్క ప్రకారం ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతాయి. అందుకే 2018, 2019, 2020 మూడేళ్లూ మొహర్రం, అంటే మన పీర్ల పండగ, గణపతి నవరాత్రుల్లోనే పడింది. 2023లో ప్రవక్త పుట్టినరోజు మిలాదున్నబీ, గణపతి నిమజ్జనం జరిగే అనంత చతుర్దశి ఒకే రోజు, సెప్టెంబరు 28న వచ్చాయి. ముంబైలో ముస్లిం సంస్థలే మాట్లాడుకుని తమ ఊరేగింపును మర్నాటికి జరుపుకున్నాయి. ఎవరి నమ్మకమూ తగ్గలేదు, ఒక రోజు సర్దుకున్నారు. మీ ఊళ్లో డీజే బండి మసీదు ముందు ఏ వేళకు వస్తుంది, అప్పుడు నమాజు ఉందా, బండి ఆగకుండా వెళ్లేట్టు చూసే బాధ్యత ఎవరిది, ఇవి ముందే తేల్చుకుంటే నిరుటి గొడవలో ముప్పాతిక వంతు ఉండదు. బహిరంగంగా మైకులు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. ఈ నియమం డీజేకూ వర్తిస్తుంది, మసీదు మైకుకూ, గుడి మైకుకూ వర్తిస్తుంది. అందరికీ ఒకే గీత అన్నప్పుడు మాట్లాడటం సులువు.

అక్కడ నలుగురు ఒప్పుకుంటే దాన్ని మహిళా గ్రామసభలో పెట్టండి. మీ రాష్ట్రంలో గ్రామసభకు ముందు మహిళల సభ జరపాలని చట్టంలోనే ఉంది, చాలా ఊళ్లలో సంతకాలు పెట్టించుకుని వదిలేస్తారు. శాంతతా కమిటీలో ఇద్దరు ఆడవాళ్లను, ఒక్కో వాడకట్టు నుంచి ఒకరిని వెయ్యమని అందులో అడగండి. తీర్మానం కాగితం మీదకు ఎక్కితే, ఊళ్లో పోలీసుల తరఫున ఉండే పోలీస్ పాటిల్ కాదనడం కష్టం. 2007లో మొదలైన తంటాముక్త్ గావ్ (తగాదాల్లేని ఊరు) పథకం కింద మీ ఊళ్లో కమిటీ ఉంటే అదీ ఒక తలుపే. ఇలా వెళ్తే నెమ్మదిగా జరుగుతుంది, మీకు ఎవరూ శాలువా కప్పరు. కానీ సభ పిలిచిన మనిషిగా మీరు ఒంటరిగా దొరకరు, పది సంతకాల్లో ఒక సంతకంగా ఉంటారు. దుకాణం నడుపుకునేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

ఏమీ చెయ్యకుండా ఉండటం కూడా ఒక దారే, దాన్ని తక్కువ చెయ్యను. ఇంట్లో కొడుకుతో పని పూర్తయ్యేదాకా ఊరి సంగతి పక్కన పెట్టాలనిపిస్తే పెట్టండి. అప్పుడు వచ్చే నిమజ్జనం నాటికి ఎవరూ ఎవరితోనూ మాట్లాడి ఉండరన్నది మాత్రం లెక్కలో ఉంచుకోండి.

వచ్చే ఏడు పీర్లకు మీరు వెళ్లాలా వద్దా అని విడిగా అడగలేదు కానీ ఆ ప్రశ్న ఉత్తరమంతా ఉంది. చావిడిలో పీర్లు నిలబెడితే, ముజావర్ రమ్మంటే, మీరు పగలే వెళ్లి దట్టీ కట్టి రావొచ్చు. మొక్కు మీది, మండల్‌ది కాదు. మీ కొడుకును రమ్మని మాత్రం అడగవద్దు. వాళ్లు నిలబెట్టడం మానేస్తే, నిలబెట్టమని బతిమాలవద్దు. ఊదు వేసి ఇంట్లోనే దండం పెట్టుకోండి.

మీ ఆయన గురించి ఒక్క మాట. ఉద్దెర రెండు వాడకట్టులకూ ఇచ్చేది ఆయనే, ఒక వైపు వాళ్లు దుకాణానికి రావడం మానేస్తే దెబ్బ తినేదీ ఆయనే. సభల్లో మాట్లాడమని ఆయన్ని లాగకండి. మండల్ అధ్యక్షుడికీ ముజావర్‌కూ ఇద్దరికీ ఆయన దగ్గర ఖాతా ఉందని రాశారు కదా. నిమజ్జనానికి వారం ముందు ఇద్దరితోనూ విడివిడిగా, దుకాణం కట్టే వేళ, బండి మసీదు దగ్గరికి ఎన్ని గంటలకు వస్తుందో ఒకే మాట అనిపించి, అవసరమైతే పిలుచుకోవడానికి ఒకరి ఫోన్ నంబరు ఒకరికి ఇప్పించమనండి. ఆ మాత్రం ఆయన చేస్తారనే అనుకుంటున్నాను.